చాడీ చెప్పింది నా ఫోను

ఏ తప్పూ చేయని ఒక ఆడమనిషిని తడి బట్టలతో పోచమ్మ గుడి ముందు నిలబెట్టి, పదకొండు మంది చూస్తుండగా ప్రమాణం చేయించాను. ప్రమాణం చేసిన తర్వాత కూడా ఆమెను నమ్మలేదు. మా సంగతులు పోలీసులకు మోసింది నా జేబులో ఉన్న ఫోను. ఆ ఫోనులోకి ఐదుగురి పేర్లు చెప్పింది నా నోరు.

దీన్ని చిన్నది చేసి చెప్పే మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. నలభై ఏళ్లు దరఖాస్తులు రాసి బతికినవాణ్ని. ఎవరి తప్పునైనా నాలుగు వాక్యాల్లో ఎదుటివాడి మెడకు చుట్టగలను. అందుకే నా తప్పు ముందు రాసిపెట్టి, ఆ తర్వాతే మిగతావాళ్ల జోలికి పోతున్నాను.

మాది ఎల్లారెడ్డికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఊరు. నాలుగో తరగతితో నా బడి ఆగిపోయింది. కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టే పాత పత్రికలు చదివి తెలుగు బాగుచేసుకున్నాను. ఉర్దూ మా నాయన నేర్పాడు. ఇంగ్లీషు మాత్రం, అట్టలు ఊడిన ఒక నిఘంటువు పుణ్యం. ఎల్లారెడ్డిలో ఒక రేకుల కప్పు కింద బల్ల వేసుకుని పింఛన్లకూ పట్టాలకూ గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్లకూ కాగితాలు రాసిచ్చాను. పెద్ద చదువులు చదివిన ఆఫీసర్లు నా దరఖాస్తు చూసి, ఎవరు రాశారని అడిగేవాళ్లు. ఆ అడగడమే నన్ను చెడగొట్టింది. నాకు తెలియనిదంటూ ఉండదనే రోగం ముదిరింది.

నేను ప్రమాణం చేయించిన ఆమె నాకు చుట్టం కాదు. ఇరవై ఏళ్ల కిందట బీడీల పీఎఫ్ కాగితం రాయించుకోవడానికి నా బల్ల దగ్గరికి వచ్చింది. తన పని అయిపోయినా లేవలేదు. వెంట వచ్చిన మరో పది మంది ఆడవాళ్లను ఒక్కొక్కరినే ముందుకు తోసి, వాళ్లకు నోరు రాని చోట తానే చెప్పి, చీకటి పడేలోపు అందరి కాగితాలూ రాయించింది. అప్పటినుంచి నేను అన్నను, ఆమె చెల్లె. భర్త దుబాయిలో పని చేస్తూ అక్కడే చనిపోయాడు. ఆ శవం ఊరికి రావడానికి రాసిన కాగితాలు కూడా నావే. ఆమెకు ఒక తమ్ముడు. కామారెడ్డిలో హోంగార్డు.

ఇక గొడవ సంగతి. మా ఊరికి ఎగువన, గుట్ట పక్కన, ఒక రసాయనాల ఫ్యాక్టరీ వచ్చింది. వచ్చిన రెండో ఏటినుంచి వాగు నీళ్లు నురగ కట్టాయి. ఆ వాగులో బట్టలు ఉతికే ఆడవాళ్ల వేళ్లు పగిలాయి. బీడీలు చుట్టేవాళ్లకు వేళ్లు పగలడం అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. పగుళ్లలోకి తంబాకు పోతే కారం చల్లినట్టు మండుతుంది. ఆకు మడిచి బీడీ కొస మూసే, అంటే ముక్కు కొట్టే, బొటనవేలు గోరు ఊడిపోయినవాళ్లు మా ఊళ్లో ముగ్గురు. హైదరాబాదులో ఒక వకీలమ్మ ఈ కేసు పట్టుకుంది. ఫలానా రోజు ఐదుగురు ఆడవాళ్లు వచ్చి జడ్జి ముందు తమ చేతులు చూపించాలని చెప్పింది. కాగితాలు చాలానే చూశారు, ఇక మనుషుల చేతులు చూడాలి అంది.

ఇక్కడ నా పాత జ్ఞాపకాలు నన్ను దెబ్బకొట్టాయి. అన్నలు, అంటే నక్సలైట్లు, అడవిలో తిరిగిన రోజులు చూసినవాణ్ని నేను. జేబులో పేర్లు రాసిన చీటీ దొరికినందుకు ఒక సైకిల్ మెకానిక్‌ను ఎనిమిది రోజులు కొట్టడం చూశాను. అదే మనిషి బయటికి వచ్చాక, పోలీసులు ఎందుకు వదిలారని అన్నలు అనుమానించి, గోడ మీద ఇన్‌ఫార్మర్ అని రాస్తే, రాత్రికి రాత్రి ఊరు వదలడమూ చూశాను. ఆ రోజుల్లో నేను నేర్చుకున్న సూత్రాలు రెండు. పేర్లు కాగితం మీద పెట్టొద్దు. మనిషిని తొందరగా నమ్మొద్దు. అవి ఇనప సూత్రాలని అనుకున్నాను. తుప్పు పట్టిన సంగతి గమనించలేదు.

కాబట్టి కాగితం వద్దన్నాను. వకీలమ్మకు ఉత్తరం వద్దన్నాను. మా అల్లుడి తమ్ముడు మస్కట్ నుంచి వస్తూ తెచ్చిన ఫోను ఉంది నా దగ్గర. అందులో మెసేజులు పంపే యాప్‌కు తాళం ఉంటుందనీ, పంపినవాడికీ అందుకున్నవాడికీ తప్ప మధ్యలో ఎవరికీ తెలియదనీ నేను చదివాను. చదవడమే కాదు, ఊళ్లో అందరికీ చెప్పాను. తెలియని లింకు నొక్కితే వేలు నరుకుతానని ఆడవాళ్లను బెదిరించాను. ఆ మధ్య ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు నన్ను ఒక గ్రూపులో చేర్చి ఏదో ఫైలు పంపితే, తెరవకుండా, ముట్టకుండా, గ్రూపులోంచి బయటికి వచ్చి ఆ సంగతి కూడా గొప్పగా చెప్పుకున్నాను.

ప్రయాణానికి ముందు రోజు, మనుషుల చెవి పడకూడదని మక్కచేను దాటి, పాడుబడ్డ మోటారు గది వెనక్కి పోయి, చెల్లెతో కలిపి ఐదుగురి పేర్లూ, ఇంటి ఆనవాళ్లూ, బస్సెక్కే చోటూ ఫోనులో గొంతుతో చెప్పి వకీలమ్మకు పంపాను. సాయంత్రం ఒకావిడకు జ్వరం వచ్చింది. ఆమె బదులు ఇంకొకామెను పెట్టాం. ఆ మార్పు కూడా అదే చోటికి పోయి చెప్పి వచ్చాను. బదులు వచ్చేది ఎవరో ఊళ్లో తెలిసినవాళ్లం ముగ్గురమే. నేను, చెల్లె, కొత్తగా ఒప్పుకున్న ఆ మనిషి.

తెల్లవారి బస్సు రాకముందే జీపు వచ్చింది. నాలుగు ఇండ్ల ముందు ఆగింది. జ్వరంతో పడుకున్న ఆవిడ ఇంటి వైపు చూడనైనా చూడలేదు. నేరుగా కొత్త మనిషి ఇంటికి పోయింది. ఐదుగురినీ తీసుకుపోయి ఎక్కడో ఒక ఫంక్షన్ హాలులో కూర్చోబెట్టారు. కేసు లేదు, కాగితం లేదు. శాంతిభద్రతలు అన్నారు. పగిలిన వేళ్లతో ఐదుగురు ఆడవాళ్లు శాంతికి ఏం భంగం చేస్తారో నేను ఇప్పటికీ అడుగుతున్నాను. నలుగురిని పొద్దు గూకినాక వదిలారు. చెల్లెను మాత్రం మధ్యాహ్నమే వదిలారు. తమ్ముడు వచ్చి పెద్ద సారు కాళ్లు పట్టుకున్నాడు.

అక్కడ కేసు వాయిదా పడింది. ఇక్కడ నా లెక్క తేలింది అనుకున్నాను. ముగ్గురికే తెలిసిన మాట బయటికి పోయింది. ఒకడిని నేను. ఒకామె సాయంత్రం దాకా హాలులో ఆకలితో కూర్చుంది. మిగిలింది ఒక్కతే. ఆమె తమ్ముడు ఖాకీ బట్టలు వేస్తాడు. ఆమె అందరికన్నా ముందు ఇంటికి వచ్చింది. ఇంత నున్నగా కుదిరిన లెక్కలో తప్పు ఉంటుందని నాకు తోచలేదు.

మూడో రోజు పొద్దున ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని ఒక ఇంటి అరుగు మీద బీడీలు చుడుతున్నారు. చెల్లె కూడా అక్కడే ఉంది. నేను పోయి నిలబడి అడిగాను.

"చెల్లె, మీ తమ్మునికి చెప్పినవా?"

"ఏం చెప్తనే అన్నా?"

"ఏం చెప్పినవో నన్ను అడుగుతవేంది."

చేతులు ఆగాయి. పక్కన కూర్చున్న కొత్త మనిషి, సాయంత్రం దాకా హాలులో ఉన్నామె, తల ఎత్తకుండానే అంది.

"పగటి పూటకే ఇల్లు చేరినవు గదనే. మాకు బుక్కెడు బువ్వ గూడ పెట్టలే ఆడ."

"మా తమ్ముడు కాళ్లు మొక్కిండు. మీ తమ్ములు గూడ వచ్చి మొక్కితే మిమ్ములను గూడ ఇడిసిపెడుదురు."

"మాకు ఖాకీ తమ్ములు లేరు తల్లీ. మావోళ్లంత లుంగీలోల్లే."

ఒకరిద్దరు నవ్వారు. చెల్లె చాట దించి పక్కన పెట్టింది. పిల్లల మీద ఒట్టు పెడతానంది. అప్పుడు నేను అన్న మాట ఇది.

"బిడ్డల మీద వద్దు. తడి బట్టలతోని పోచమ్మ ముందట చెప్పు."

ఊళ్లో ఇద్దరి మధ్య దొంగతనం గొడవో, గట్టు గొడవో తేలకపోతే ఇట్లా చేయించడం పాత అలవాటు. దాన్ని ముప్పై ఏళ్లుగా తిట్టిపోసినవాణ్ని నేనే. తడిస్తే నిజం, ఆరితే అబద్ధమా అని ఎగతాళి చేస్తూ ఒకసారి పత్రికకు ఉత్తరం కూడా రాశాను.

"అన్నా, నువ్వు దేవుని నమ్మవు గద" అంది.

"నువ్వు నమ్ముతవు గద" అన్నాను.

ఇప్పుడు ఈ వాక్యాన్ని కొట్టేయకుండా ఉంచుతున్నాను. ఎనభైకి దగ్గరపడ్డాను, ఇంకెప్పుడు రాస్తాను. ఒక మనిషి భక్తిని ఆమె మీదనే కర్రగా వాడాను. పోలీసు కొట్టేటప్పుడు కనీసం తన లాఠీ తాను తెచ్చుకుంటాడు.

అది చలికాలం. బోరు దగ్గర బిందె నింపుకుని, గుడి ముందుకు నడిచి, తల మీదనుంచి పోసుకుంది. వెనక పదకొండు మందిమి. చలికి పళ్లు కొట్టుకుంటుండగా చెప్పింది. "ఎవ్వలకు చెప్పలే. మా తమ్మునికి చెప్పలే. చెప్తె నా చేతులు పడిపోను."

బీడీ చుట్టేవాళ్లకు దానికన్నా పెద్ద ఒట్టు లేదు. నేను అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"ఆ చేతులు ఎట్లనో పోయినయి గద వాగు నీళ్లకు" అన్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె కొంగు పిండుకుని ఇంటికి పోయింది.

ఆ తర్వాత ఎవరూ ఆమెను తిట్టలేదు. తిట్టాల్సిన పని లేకుండానే అన్నీ జరిగాయి. అరుగు మీద ఆమె కూర్చునే చోట ఆకుల మూట పెట్టారు. ఎల్లారెడ్డినుంచి ఆకూ తంబాకూ వంతులవారీగా తెచ్చుకునేవాళ్లు. ఆమె వంతు తేవడం మరిచిపోయారు, మళ్లీ మరిచిపోయారు. నెల తిరిగేసరికి ఆమె ఇంటికి తాళం వేసి కామారెడ్డిలో తమ్ముడి ఇంటికి పోయింది. పోయేటప్పుడు నా ఇంటి ముందునుంచే బస్టాపుకు నడవాలి. నేను కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాను. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆ మెసేజుల యాప్ కంపెనీవాళ్ల పేరుతో ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వచ్చింది. నిఘంటువు తీసి కూర్చుని విడదీశాను. ప్రభుత్వాలకు అమ్మే ఒక నిఘా సాధనంతో మీ ఫోనును లక్ష్యం చేసుకుని ఉండవచ్చు, అని దాని సారాంశం. ఇది కొత్త రకం మోసం అనుకున్నాను. అరుగు మీద ఆడవాళ్లకు చూపించి, ఇట్లాంటివి వస్తే నమ్మొద్దని మళ్లీ ఉపన్యాసం ఇచ్చాను.

అయినా మనసులో ఒక ముల్లు. కామారెడ్డి పోయినప్పుడు ఫోన్లు బాగుచేసే దుకాణంలో చూపించాను. దుకాణం అతను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"తాతా, సర్కారుకు నీ ఫోన్ల ఏం పని? గుడ్ మార్నింగులు దప్ప ఏమున్నయి దీంట్ల?"

"ఉన్నయి లే" అన్నాను, కోపంగా.

వకీలమ్మకు ఫోన్ చేస్తే, ఆమెకూ అదే హెచ్చరిక వచ్చిందని చెప్పింది. ఇది మోసం కాదు, వెంటనే ఆ ఫోను ఆపేసి నా దగ్గరికి పంపండి అంది. మా ఊరి మనిషి ఒకాయన హైదరాబాదు ఆసుపత్రికి పోతుంటే అతని చేత పంపాను. అక్కడ ఇట్లాంటివి పరీక్ష చేసేవాళ్లు ఉన్నారట. మూడు వారాలకు కామారెడ్డిలో ఒక పని మీద వచ్చి, వకీలమ్మ నన్ను పిలిపించుకుని బస్టాండు పక్కన హోటల్లో కూర్చోబెట్టి చెప్పింది.

నేను తెరవని ఆ ఫైలు ద్వారానే నా ఫోనులోకి వచ్చారట.

"నేను ముట్టనే ముట్టలేదమ్మా."

"మీరు ముట్టాల్సిన పని లేదండి. వచ్చిన ఫైలు ఏమిటో మీకు చూపించడానికి ముందు ఫోనే దాన్ని తెరిచి చూస్తుంది. ఆ చూడటంలో ఒక లోపం ఉంది. అందులోంచి దూరారు. లోపలికి వచ్చినాక యాప్‌కు తాళం ఉంటే ఏం లాభం? మీరు మాట్లాడుతుంటే మీ పక్కనే కూర్చుని విన్నట్టు."

"ఎప్పుడు?"

"జీపు రావడానికి ఆరు రోజుల ముందు."

"ఎవరు చేశారు?"

"ఆ సరుకు ప్రభుత్వాలకే అమ్ముతారట. ఏ ప్రభుత్వం, ఏ ఆఫీసు అని మాత్రం ఫోను మీద రాసి ఉండదు."

ఆ తర్వాత నాలో కలిగిందేమిటో చెప్పకుండా దాచితే ఇదంతా రాయడం దండగ. నాకు గర్వం కలిగింది. నాలుగో తరగతి మనిషి నోరు వినడానికి అంత ఖరీదైన యంత్రం పెట్టారా అనిపించింది. ఎల్లారెడ్డి బస్సులో పక్కన కూర్చున్న ముసలాయనకు, అడగకపోయినా, నా ఫోను మీద నిఘా పెట్టారని చెప్పాను. "అట్లనా, ఎందుకే?" అని అతను బెదిరి కాస్త దూరం జరిగాడు. అది కూడా నాకు బాగానే అనిపించింది. లింగంపేటలో సగం బస్సు ఖాళీ అయింది. నీళ్ల బిందె పట్టుకుని ఒక ఆడమనిషి ముందు డోరు దగ్గర దిగడానికి తంటాలు పడుతోంది. అప్పుడు గుర్తుకొచ్చింది. కామారెడ్డిలో ఎక్కినప్పటినుంచి అంతసేపూ చెల్లె నాకు గుర్తుకు రాలేదు.

మర్నాడే అరుగు దగ్గరికి పోయాను. నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఫైలు, లోపం, మోటారు గది, నా గొంతు. చెల్లె తప్పు లేదని, తప్పంతా నాదని చెప్పాను. చేతులు ఆగలేదు. బీడీలు చుడుతూనే విన్నారు.

"అంటే ఫోన్ల పురుగున్నదా?" అంది ఒకామె.

"పురుగు లాంటిదే."

"కనిపిస్తదా?"

"కనిపించది."

"కనిపించనిదాన్ని నువ్వు గూడ నమ్ముతున్నవన్నట్టు."

అందరికన్నా పెద్దామె, గోరు ఊడిన ముగ్గురిలో ఒకామె, చాట మీదనుంచి కళ్లు ఎత్తింది.

"మేం దాని మీద అనుమానం ఎప్పుడో ఇడిసిపెట్టినం. తడి బట్టలతోని అబద్ధం చెప్తె ముప్పై దినాలల్ల ఏదో ఒకటి అయితది. దానికి ఏం కాలే. పోచమ్మ చలికాలంల్నే చెప్పింది. నీకు ఇప్పుడు ఫోను కంపెనీ చెప్పిందా?"

"మరి ఆమెను పిలువలేదేంది మీరు?"

"అనుమానం పెట్టింది నువ్వు. నువ్వు వచ్చి చెప్తవని చూసినం."

నలభై ఏళ్లలో నాకు అంత సూటిగా సమాధానం చెప్పిన ఆఫీసరు లేడు. పెద్దామె మళ్లీ చాటలోకి తల వంచింది. నాకు కూర్చోమని ఎవరూ చెప్పలేదు. మంచిదే. కూర్చుంటే ఏం మాట్లాడేవాణ్నో నాకు తెలియదు.

ఆదివారం కామారెడ్డి పోయాను. రైలు పట్టాల అవతల రెండు గదుల ఇల్లు. తమ్ముడు డ్యూటీనుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, బూట్లు ఇప్పుకుంటున్నాడు. మొహం నల్లగా కమిలిపోయి ఉంది.

"రా కాకా. ఇన్‌ఫార్మర్ ఇంటికి వచ్చినవు, ఎవలన్న చూస్తరేమో చూసుకో."

చెప్పులు గడప బయట విడిచాను.

"ఆ దినం అక్క కోసం సారు కాళ్లు మొక్కిన గద. నీ అక్క గిట్లాంటి పనులల్ల ఉన్నదని ముందుగాల ఎందుకు చెప్పలేదని నన్ను పట్టుకున్నరు. అప్పటిసంది బిక్కనూరు దిక్కు హైవే మీద ఎండల డ్యూటీకి నిలవెట్టిండ్లు. చెప్పలేదని నన్ను గాళ్లు కొట్టిండ్లు, చెప్పిందని ఊళ్ల అక్కను మీరు కొట్టిండ్లు."

లోపలినుంచి చెల్లె గొంతు వినిపించింది. "అన్నకు నీళ్లియ్యిరా."

లోపల గోడకు ఆనుకుని బీడీలు చుడుతోంది. తన బీడీ కార్డును కామారెడ్డి కార్ఖానాకు మార్చుకుందట. వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని ఉంది. నేను చాప మీద కూర్చుని అరగంట మాట్లాడాను. వేరే దేశంలో తయారయ్యే నిఘా సరుకు గురించి, కోట్లు పోసి కొనే ప్రభుత్వాల గురించి, పౌరుల హక్కుల గురించి, ఇది ఎంత పెద్ద దుర్మార్గమో దాని గురించి. మాట్లాడుతుంటే నా గొంతు పెరిగింది. ఆవేశం వస్తే నా గొంతు నాకే బాగా వినిపిస్తుంది. ఆమె కట్ట కట్టి, దారం తెంపి, ఒక్కటే అడిగింది.

"పేర్లు ఫోన్ల ఎవలు చెప్పిండ్లు?"

"నేనే చెల్లె."

"ఊఁ."

అంతే. మళ్లీ ఆకు తీసుకుంది. తప్పయిందని చెప్పాను. ఊరికి రమ్మన్నాను. అరుగు మీద అందరూ రమ్మంటున్నారని చెప్పాను. ఆమె తమ్ముడితో, అన్నకు బస్సు టైమవుతున్నట్టుంది చూడు, అంది.

ఆ తర్వాత నాకు తెలిసిన పని నేను చేశాను. రాశాను. సమాచార హక్కు కింద ఒక ఆఫీసుకు దరఖాస్తు పెట్టాను. నా ఫోనును ఎవరు తెరిచారు, ఏ చట్టం కింద, ఎవరి సంతకంతో. రెండు నెలలకు రెండు లైన్ల జవాబు వచ్చింది. అడిగిన సమాచారం భద్రతకు సంబంధించినది కాబట్టి ఇవ్వడానికి వీలులేదని. తెరిచామనీ లేదు, తెరవలేదనీ లేదు. అప్పీలు పెట్టాను. దానికి ఇంకా జవాబు లేదు. రాదనీ తెలుసు. బతికున్నంత కాలం పెడుతూనే ఉంటాను. నన్ను ఎంత సిగ్గు తింటున్నా, ఆ కోపం మాత్రం తప్పు కోపం కాదు.

చెల్లెకూ ఒక ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. మూడు రోజులు పట్టింది. ఇంతలో వకీలమ్మనుంచి కబురు వచ్చింది. కేసు మళ్లీ విచారణకు వచ్చింది, చేతులు చూపించడానికి జడ్జి ఇంకోసారి అవకాశం ఇచ్చాడు అని. ఆ సంగతి చివర్లో చేర్చి, వస్తావా అని అడిగాను. ఈసారి పేర్లు ఫోనులో చెప్పలేదనీ, కాగితం మీదనే రాసి, ఆ కాగితం నేనే హైదరాబాదు తీసుకుపోయి వకీలమ్మ చేతికి ఇస్తాననీ రాశాను. ఆ కాగితంలో ఐదో పేరు చోటు ఖాళీగా ఉంచాను.

ఇరవై రోజులు పోస్టుమాన్‌ను దారిలోనే నిలబెట్టి అడిగాను. ఇరవై ఒకటో రోజు వచ్చింది. తెరిచేటప్పుడు చేతిరాత చూసి భయపడ్డాను. అక్షరాలు తమ్ముడివి. డ్యూటీ రిజిస్టరులో రాసినట్టు నిటారుగా ఉన్నాయి. మాటలు మాత్రం ఆమెవే. ఇక్కడ ఒక్క ముక్క మార్చకుండా దింపుతున్నాను.

"అన్నకు దండం. నీ కాగితం రెండుసార్లు చదివించుకొని ఇన్న. ఇది నేను చెప్తుంటే మా తమ్ముడు రాస్తుండు. నాలుగు పేజీలల్ల మూడు పేజీలు ఫోన్ల దూరినోని మీద రాసినవు. ఆడు నాకు తెల్వదు. ఆడు నన్ను బోరు కాడికి తోలలే, నా చేతుల మీద మాట అనలే. సర్కారు తప్పు సర్కారుది, దాన్ని నువ్వు కోర్టుల అడుగు, నేను గూడ అడుగుత. నీ తప్పు నీది, దాన్ని సర్కారు తప్పుల కలపకు. తప్పయిందన్నవు, ఇన్న. మనసు ఎప్పుడు కుదురుకుంటదో నాకు తెల్వది, ఉన్న ముచ్చట చెప్తున్న. ఊరికి రాను. హైదరాబాద్ వస్త, నా చేతులు నేనే చూపిస్త. ఐదో పేరు నాది రాయి. బస్సుల మాత్రం నా పక్కన కూసోకు."